ఆ రెండు వాక్యాల కింద పెన్సిల్ గీత

రెండేళ్ల కిందట ఒక మాసపత్రికలో నా వ్యాసం ఒకటి అచ్చయింది. డిప్రెషన్‌లోంచి నేనెలా బయటపడ్డానన్నది అందులో సంగతి. అంతకుముందు నేను రాసిన కథలకు గానీ వ్యాసాలకు గానీ అన్ని ఉత్తరాలు ఎప్పుడూ రాలేదు. ధైర్యంగా రాశారన్నారు. మా ఇంట్లో జరిగినట్టే ఉందన్నారు. ఒకావిడ ఫోన్ చేసి, ఏమీ మాట్లాడలేక ఏడ్చి పెట్టేశారు. ఆ నెలంతా నా మనసు చాలా తేలిగ్గా ఉంది. ఏళ్లుగా లోపల దాచుకున్నది బయటికి చెప్పేశాను, అది నలుగురికీ పనికొచ్చింది అనుకున్నాను.

ఐదో వారంలో ఒక మెయిల్ వచ్చింది.

"మేడమ్, మీ వ్యాసం మా చెల్లి చదివింది. చదివిన మర్నాటి నుంచి మందులు వేసుకోవడం మానేసింది. మాకెవరికీ చెప్పలేదు. పదకొండు రోజులకు తెలిసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, ఇప్పుడు కొంచెం నయం. మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు. మీకు తెలిస్తే మంచిదని రాస్తున్నాను."

కింద ఒక ఫోటో ఉంది. నా వ్యాసం చివరి పేజీ. పేజీ అంతా శుభ్రంగా ఉంది, ఒక్క చోట తప్ప. చివరి పేరాలో రెండు వాక్యాల కింద పెన్సిల్‌తో గీత. ఒకసారి గీసి, దాని మీదే మళ్లీ గట్టిగా గీసినట్టుంది, కాగితం కాస్త నొక్కుకుపోయింది. పక్కన అంచులో చిన్న టిక్కు. పరీక్షకు చదివేటప్పుడు ముఖ్యమైనదాని పక్కన పెట్టుకుంటామే, అలాంటిది.

ఆ వాక్యాలు ఇవి: "ఒక రోజు పొద్దున్నే లేచి, మిగిలిన మాత్రలన్నీ తీసి చెత్తబుట్టలో పడేసి, కిటికీ తెరిచాను. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడలేదు."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదనే అప్పుడు అనుకున్నాను. మాత్రలు పడేశాను, కిటికీ తెరిచాను. కానీ అసలు జరిగింది ఇదీ. దాదాపు ఏడాది పాటు నేను బాగున్నాక, ఇక తగ్గించి చూద్దామని మా డాక్టరు అన్నారు. తగ్గించడానికి నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి బాగా దెబ్బతిన్నాను. నిద్ర పోయింది, కళ్లు తిరిగేవి, చిన్న మాటకే కోపం వచ్చేది. డాక్టరు మళ్లీ పాత మోతాదుకు తీసుకెళ్లారు, కొన్ని వారాలు ఆగమన్నారు, ఆ తర్వాత ఇంకా చిన్న చిన్న అంచెల్లో తగ్గించారు. అంతా ముగిసి, ఆయన "ఇక అవసరం లేదు" అన్నాక మిగిలిపోయిన స్ట్రిప్పులు నేను పడేసినవి.

మొదటి డ్రాఫ్ట్‌లో ఇదంతా ఉంది, ఒక పెద్ద పేరా. దాన్ని కొట్టేసింది ఎడిటరు కాదు, నేనే. చివర్లో నడక కుంటుపడుతోందనిపించింది. డాక్టరు, మోతాదు, మళ్లీ మోతాదు... చదివేవాళ్లకు విసుగొస్తుందేమోనని తీసేశాను. తీసేశాక ముగింపు గాలి పీల్చుకున్నట్టయింది. ఆ పూట నాకెంత తృప్తిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

మెయిల్ చదివాక ముందు నాకొచ్చింది బాధ కాదు, నన్ను నేను కాపాడుకోవాలన్న తొందర. "మందులు మానేయమని నేనెక్కడా రాయలేదు" అని జవాబు టైప్ చేశాను. పంపలేదు. ఎన్నో ఏళ్లుగా రాస్తున్న ఒక స్నేహితుడికి ఫోన్ చేశాను. "ప్రతి పాఠకుడూ ఎలా అర్థం చేసుకుంటాడో చూసుకుంటూ కూర్చుంటే మనం కలం ముట్టుకోలేం. నీ పని నిజం రాయడం. మిగతాది నీ చేతిలో లేదు" అన్నాడు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు గడిపాను. మూడో రోజు మళ్లీ ఆ ఫోటో తెరిచాను. నిజం రాయడమే నా పని అయితే, ఆ పని నేను చేయలేదు.

వాళ్లక్కకు ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఆమె మాట కఠినంగా లేదు, అలసిపోయి ఉంది. వారం తర్వాత ఆ అమ్మాయే మాట్లాడతానంటోందని చెప్పారు.

ఫోన్‌లో మొదటి మాట, "అక్కా, మీ వల్ల కాదు, నేనే తొందరపడ్డాను" అంది. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఏం జరిగిందో నీకు చెప్పాలనిపిస్తే చెప్పమన్నాను. చెప్పింది. మూడో రోజుకు తల తిరగడం మొదలైందట. కళ్లు పక్కకు తిప్పితే తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఉండేదట. నిద్రలో పిచ్చి పిచ్చి కలలు. భయం వేసినా ఆపలేదు. ఎందుకంటే నా వ్యాసంలోనే ఇంకో చోట "ఒంట్లోంచి బరువు దిగుతున్నట్టుంది" అని నేను రాశాను. ఇదే ఆ దిగడం అనుకుంది. రెండో వారానికి ఏడుపు ఆగలేదు.

"మీకు కిటికీ తెరవగానే అంతా బాగైపోయింది కదక్కా. నాకెందుకు కాలేదు అనుకున్నాను. నాలోనే ఏదో లోపం ఉంది, మీకున్నంత గట్టి మనసు నాకు లేదు అనుకున్నాను."

ఆమె మందులు మానేయడం కన్నా ఈ మాటే నన్ను ఎక్కువగా కోసింది. నేను రాసిన ముగింపు తన బతుకులో రాకపోతే ఆమె ముగింపును అనుమానించలేదు, తనను తాను అనుమానించుకుంది. నేను ఆ నెలల్లో ఎన్నిసార్లు కూలబడ్డానో ఆమెకు తెలిసే అవకాశమే నేను ఇవ్వలేదు.

అప్పటిదాకా చదవడం అంటే అందరికీ ఒకటే అనుకునేదాన్ని. బాగున్న మనిషి అలాంటి వ్యాసాన్ని ఒక మనిషి కథగా చదువుతారు. ఎలా రాసిందో చూస్తారు, మనసు కదిలితే పక్కవాళ్లకు చెబుతారు. బాధలో ఉన్న మనిషి మాత్రం ఒకటే వెతుకుతారు: ఈవిడ ఏం చేసింది? నా జబ్బు ముదిరిన రోజుల్లో నేనూ అలాగే చదివాను. పేజీలు తిప్పేసి, వాళ్లు బయటపడ్డ చోటు ఎక్కడుందా అని చూసేదాన్ని. ఆ అమ్మాయి పెన్సిల్ సరిగ్గా అక్కడే ఆగింది. ఆమె తప్పుగా చదవలేదు. అక్కడ నేనుంచింది అదే.

తర్వాత ఆ పేజీ ప్రింట్ తీసుకుని మా డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన వ్యాసం మొత్తం మెల్లగా చదివి, చివరి పేరా మీద వేలు పెట్టి, "ఇందులో నేనెక్కడున్నానమ్మా?" అని అడిగారు. నిష్ఠూరంగా కాదు, నిజంగానే వెతుకుతున్నట్టు అడిగారు.

నాకు జరిగిందీ ఆ అమ్మాయికి జరిగిందీ ఏమిటో అప్పుడు వివరంగా చెప్పారు. ఈ మందులు కొంతకాలం వాడాక మెదడు వాటికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఒక్కసారిగా తీసేస్తే మళ్లీ సర్దుకోవడానికి టైమ్ కావాలి. ఆ మధ్యలో తలతిరుగుడు, వికారం, నిద్రలేమి, చిరాకు, ఆ షాక్ కొట్టినట్టుండటం రావచ్చు. అందరికీ రావాలని లేదు, కొందరికి తేలిగ్గా పోతుంది, కొందరికి చాలా కష్టమవుతుంది. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతాయి కాబట్టి ఇబ్బంది రోజుల్లోనే మొదలవుతుంది. ఫ్లూయాక్సెటిన్ చాలా నిదానంగా, వారాల మీద వెళ్తుంది. ఇది మత్తుమందుల వ్యసనం లాంటిది కాదు. పాత జబ్బు తిరగబెట్టడమూ కాదు, అది సాధారణంగా వారాలు, నెలల మీద మెల్లగా వస్తుంది. కానీ అనుభవించే మనిషికి ఆ తేడా తెలియదు. "చూశావా, మందు లేకపోతే నేనింతే" అని ఒకరు బెంబేలెత్తుతారు. "ఇది విషం దిగుతోంది" అని ఇంకొకరు పంటి బిగువున భరిస్తారు. ఎప్పుడు, ఎంత తగ్గించాలన్నది చూసే డాక్టరుతో కలిసి తేల్చుకోవాల్సింది అందుకే.

ఇంటికొచ్చాక ఈ సమస్య నా ఒక్కదానిదేనా అని చదవడం మొదలుపెట్టాను. 1774లో, పాతికేళ్ల వయసులో జర్మన్ రచయిత గోథే వెర్థర్ నవల ప్రచురించాడు. ప్రేమ విఫలమై ప్రాణం తీసుకున్న యువకుడి కథ. కుర్రవాళ్లు అతనిలా నీలం కోటు, పసుపు వెయిస్ట్‌కోటు వేసుకుని తిరిగారు. దాన్ని చూసి చావును కూడా అనుకరిస్తారన్న భయంతో 1775లో లైప్‌జిగ్‌లో ఆ పుస్తకం అమ్మకాన్నీ ఆ వేషాన్నీ నిషేధించారు. అదే ఏడాది వచ్చిన రెండో ముద్రణలో రెండో భాగం ముందు గోథే కొన్ని పంక్తులు చేర్చాడు, నా వెంట రావద్దని వెర్థరే పాఠకుడికి చెబుతున్నట్టు. చాలా ఏళ్ల తర్వాత ఆత్మకథలో దాని గురించి రాస్తూ, బతుకును కవిత్వంగా మార్చి తాను తేలికపడితే, తన మిత్రులు కవిత్వాన్ని తిరిగి బతుకుగా మార్చాలనుకున్నారని వాపోయాడు.

ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ నెలంతా నేను తేలిగ్గా తిరిగాను అన్నాను కదా. నా బరువు దిగింది. దిగిన బరువు ఎవరి మీద పడిందో నేను చూసుకోలేదు.

సరిగ్గా 200 ఏళ్లకు, 1974లో, డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త పత్రికల్లో ఆత్మహత్య వార్తలు ప్రముఖంగా వచ్చాక అలాంటి మరణాలు పెరగడాన్ని గమనించి, దానికి వెర్థర్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. ఇది తెలిశాక నాకు ఇక దేని గురించీ రాయకూడదేమో అనిపించింది. ఆ వ్యాసాన్ని వచ్చే పుస్తకంలోంచి తీసేద్దామనుకున్నాను. అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ అలాగే చేశాడు. 1977లో వేరే పేరుతో ప్రచురించిన తన నవల 'రేజ్' తుపాకులు పట్టిన స్కూలు పిల్లల చేతుల్లో కనిపించాక, 1990లలో దాన్ని ఇక ముద్రించవద్దని ప్రచురణకర్తకు చెప్పేశాడు. ఏ చట్టమూ అతన్ని బలవంతపెట్టలేదు. అతని మీద నాకు గౌరవం ఉంది.

కానీ నా విషయం వేరు. 2010లో వియన్నా పరిశోధకులు దీనికి రెండో వైపు చూపించారు. చనిపోవాలన్న ఆలోచన వచ్చి కూడా దాన్ని దాటి బతికిన మనుషుల గురించి పత్రికలు రాసినప్పుడు, ఆ తర్వాత మరణాలు తగ్గడం వాళ్ల లెక్కల్లో కనిపించింది. దానికి పాపగేనో ఎఫెక్ట్ అని పేరు. 1791 నాటి మోట్సార్ట్ సంగీత నాటకంలో (ఒపేరాలో) పాపగేనో అనేవాడు ప్రాణం తీసుకోబోతుంటే ముగ్గురు పిల్లలు వచ్చి, నీ దగ్గర గంటలున్నాయి కదా, అవి మోగించమని గుర్తుచేస్తారు. బతుకు మీద ఆశ పెట్టుకోమని ఉపన్యాసం చెప్పరు. చేయదగిన పని ఒకటి చూపిస్తారు. నా వ్యాసంలో ఆశ కావలసినంత ఉంది, చేయదగిన పనిని మాత్రం నేనే కొట్టేశాను. కాబట్టి వ్యాసం ఉండాలి, ఆ పేరా తిరిగి రావాలి అనుకున్నాను.

ముందు పత్రిక ఎడిటరుకు జరిగింది చెప్పాను. తర్వాతి సంచికలో నా పేరుతో ఒక సవరణ వేశారు: మందులు నేను సొంతంగా మానలేదు, డాక్టరు పర్యవేక్షణలో నెలల మీద తగ్గించారు, ఒక్కసారిగా మానేయడం ప్రమాదం అని. వేసినందుకు కృతజ్ఞతే, కానీ ఎనిమిది లైన్ల సవరణ మూడు పేజీల వ్యాసాన్ని అందుకోలేదు. ఆ నెల చదివినవాళ్లు ఈ నెల చదివి ఉండకపోవచ్చు. పుస్తకంలో వ్యాసం పైన హెచ్చరిక పెడితే సరిపోతుంది కదా అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. అలాంటి హెచ్చరికల మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన పరిశీలన ఒకటి 2023లో వచ్చింది. అవి చదివేవాళ్ల బాధను తగ్గించవని, చదవబోయే ముందు టెన్షన్ మాత్రం కొంచెం పెంచుతాయని అందులో తేలింది. నేను చిన్న నోట్ ఒకటి పెట్టాను, దాని మీద భారం వేయలేదు. ఆ అమ్మాయి పెన్సిల్ నోట్ కింద గీత గీసి ఉండేది కాదు. ముగింపు కిందే గీసేది. కాబట్టి మార్చాల్సింది ముగింపునే.

తిరగరాయడం నేననుకున్నదానికంటే కష్టమైంది. పాత పేరా తెచ్చి అక్కడ అతికిస్తే చాలనుకున్నాను. దాన్ని ముగ్గురికి చూపించాను: మా డాక్టరుకు, ఇదే జబ్బు పడి ఇంకా మందులు వాడుతున్న ఒక స్నేహితురాలికి, పత్రికల్లో చాలాకాలం పనిచేసిన ఒక పెద్దాయనకు. డాక్టరు, "ఇన్ని నెలలు, ఇంత చొప్పున అని రాస్తే, చదివినవాళ్లు అదే షెడ్యూల్ పెట్టుకుంటారు. మీకు సరిపోయింది వాళ్లకు సరిపోదు" అన్నారు. వివరం లేకపోతే ఒక ప్రమాదం, ఉంటే ఇంకో ప్రమాదం. మందు పేరు, మోతాదులు, నెలల లెక్క తీసేశాను. వాటి బదులు ఆ గదిలో మేం మాట్లాడుకున్న మాటలు రాశాను. తగ్గిస్తే ఏమవుతుందని నేను అడగడం, బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆయన చెప్పడం, వెనక్కి వెళ్లడం ఓడిపోవడం కాదని ఆయన రెండుసార్లు అనడం.

స్నేహితురాలి ప్రశ్న నేను అస్సలు ఊహించనిది. "నువ్వు మానేశావు కాబట్టి బాగయ్యావు అన్నట్టుంది. నేను ఇంకా వాడుతున్నాను. మరి నేను బాగవలేదా?" ఆమె ఏళ్లుగా హాయిగా పని చేసుకుంటోంది, పిల్లల్ని పెంచుకుంటోంది. నా వ్యాసంలో మందు మానడమే గెలుపు అయి కూర్చుంది. అది నా బుర్రలో ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు, పడేసే దృశ్యం బాగుంటుందని వచ్చి ఉంటుంది. ఆమె కోసం చెత్తబుట్టను ముగింపులోంచి మధ్యకు జరిపాను, డాక్టరు మాట తర్వాత. కిటికీ ఉంచుకున్నాను. "వెనక్కి తిరిగి చూడలేదు" అన్న వాక్యం కొట్టేశాను. అది నిజం కూడా కాదు. ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రి ఒకటి వస్తే చూస్తాను.

పత్రికా పెద్దాయన చివరి పేరా చదివి, "ముందున్న ఊపు పోయిందమ్మా" అన్నారు. నిజమే, పోయింది. దాన్ని తిరిగి తేవడానికి చాలా రోజులు పనిచేశాను, కొంత వచ్చింది, కొంత రాలేదు. రానిది అలాగే వదిలేశాను.

ఇదంతా కథలకూ వర్తిస్తుందా అని ఆ పాత స్నేహితుడు మళ్లీ అడిగాడు. నా మట్టుకు నాకు, అంతగా వర్తించదు. కథలో మనిషి మాత్రలు పడేసి నాశనం కావచ్చు, పడేసి బాగుపడ్డట్టు భ్రమపడొచ్చు. పాత్రలన్నీ డాక్టరు చీటీ పట్టుకుని తిరిగితే అది సాహిత్యం కాదు. కానీ నేను "నేను" అని రాసి, ఇది నాకు జరిగింది అన్నప్పుడు, పాఠకుడు ఆ మాట మీద తన ఒంటిని పెడతాడు. అక్కడ అందం కోసం ఒక పేరా తీసేసే హక్కు నాకు లేదనిపిస్తుంది. కథలోనైనా, చావు ఎలా జరిగిందో పనిముట్లతో సహా వర్ణించను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటకాలవాళ్ల కోసం తెచ్చిన సూచనల్లో ఈ మాట ఉంది. అది చదివాక నా పాత కథలు రెండు తీసి చూసుకున్నాను. ఒకదానిలో నాలుగు లైన్లు కొట్టేశాను. కథకు ఏమీ కాలేదు.

అచ్చుకు పంపేముందు ఆ అమ్మాయిని అడిగాను, చదువుతావా అని. చదవకపోయినా ఫర్వాలేదని, అక్కను పక్కన ఉంచుకుని చదవమని చెప్పాను. అప్పటికి ఆమె మళ్లీ మందులు వాడుతూ కుదురుకుంది. పది రోజులకు ప్రింట్ ఫోటో పంపింది. మళ్లీ పెన్సిల్ గీత, ఈసారి మధ్య పేరాలో, డాక్టరు మోతాదును వెనక్కి పెంచిన చోట. అంచులో టిక్కు లేదు, ప్రశ్న ఉంది: "అప్పుడు మీకు భయం వేసిందా అక్కా?"

చాలా వేసింది. ఇక నా బతుకంతా ఇంతేనని ఆ రాత్రి బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను, ఇంట్లోవాళ్లకు వినపడకూడదని. మర్నాడు పొద్దున్న కూడా ఏమీ మారలేదు. మాత్ర వేసుకుని పనికి వెళ్లాను. అలాంటి పొద్దులు పదీ పదిహేను గడిచాక ఒక రోజు మధ్యాహ్నం, పొద్దుట్నుంచి నా తల గురించి ఆలోచించలేదని గమనించాను.

ఇది మొదటి డ్రాఫ్ట్‌లో కూడా లేదు. ఆమెకు జవాబుగా రాసి పంపాను. తర్వాత అదే పేరాను కాపీ చేసి, ఆమె గీత గీసిన చోట చేర్చాను.